చప్పుడు లేని పడవ

మా ఆయన సావిక్‌కి చప్పుడంటే గిట్టదు. పెళ్ళైన కొత్తలో నేను గిన్నె అడుగు చెంచాతో గోకి తింటుంటే, తను తినడం ఆపి నా వైపు చూసేవాడు. తిట్టడు, చూస్తాడంతే. కయాక్‌లో, అదే వేటకి వాడే ఒంటిమనిషి తెడ్డు పడవలో, తను కూర్చునే చోట ఎలుగుబంటి తోలు పరుచుకుంటాడు, బట్ట చెక్కకి రాసుకున్న అలికిడి కూడా నీళ్ళలోకి పోకూడదని. వేసవిలో గుడారాల దగ్గర పిల్లలు గులకరాళ్ళ మీద పరుగెడితే పెద్దవాళ్ళందరూ కసురుతారు. సావిక్ కసరనక్కర్లేదు. గుడారంలోంచి తల బయటికి పెడితే చాలు.

ఈ పిచ్చి మాలో కాస్తో కూస్తో అందరికీ ఉంది. వేసవిలో మా సముద్రపు పాయలోకి కొమ్ము తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని వస్తాయి. అవి కనబడ్డాక మోటారు వెయ్యకూడదు. పడవ ఆపి, దాని మీద కట్టి తెచ్చుకున్న కయాక్‌ని నీళ్ళలోకి దించి, అందులో కదలకుండా కూర్చోవాలి. తిమింగలం దాటిపోయాక వెనకనుంచి తెడ్డు వేసుకుంటూ వెళ్ళి ఈటె వెయ్యాలి. ఈటె తాడు చివర గాలి నింపిన సీల్ తోలు తిత్తి ఉంటుంది. తిమింగలం ఎంత లోతుకి మునిగినా ఎక్కడ తేలుతుందో ఆ తిత్తి చెబుతుంది. తుపాకీ ఆ తర్వాతే. ఇది తాతల నాటి పద్ధతి, ఇప్పుడు ఊరి చట్టం కూడా. ఆ పద్ధతిలో సావిక్‌ని మించినవాడు లేడని మా ఊరు ఖానాక్‌లో మాకు పడనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

అలాంటివాడి దగ్గరికి ఆ వేసవి ఒక్క తిమింగలం రాలేదు.

జులై చివర్లో మంచు విరిగి పాయ తెరుచుకోగానే ఎప్పటిలాగే అందరం కంగెక్ కొన దగ్గరికి వెళ్ళి గుడారాలు వేసుకున్నాం. ఆ ఏడు మాకు కొత్త పడవ. కొత్తదంటే మాకు కొత్త. దక్షిణాన పెద్ద ఊళ్ళకి వెళ్ళిపోతున్న ఒక వడ్రంగి దగ్గర కొన్నాం. పాతదానికంటే పొడుగు, ముందువైపు చిన్న గది, గదిలో రేడియో. రేడియో పక్కన నీళ్ళ లోతు చూపించే మీటరు ఒకటి ఉండేది గానీ, దాని అద్దం పగిలి ఎప్పుడో నల్లబడిపోయింది. సావిక్ దాన్ని కొక్కెంలా వాడుకునేవాడు. దుర్భిణీ దానికే వేలాడుతుండేది.

నేను కొండ చరియ మీద కూర్చుని చూసేదాన్ని. తిమింగలాలు గుంపుగా వచ్చేవి, వీపులు నల్లగా మెరుస్తూ, ఊపిరి వదిలినప్పుడల్లా పైదాకా వినపడుతూ. ఇతరుల పడవల పక్కనుంచి తీరిగ్గా పోయేవి. మా పడవ కాస్త దూరంలో ఉందనగా అన్నీ ఒక్కసారే మునిగేవి. మళ్ళీ తేలేసరికి పాయకి అవతలి ఒడ్డున ఉండేవి. మొదటిసారి చూసి నవ్వుకున్నాను. రెండు వారాలు అదే చూశాక నవ్వు పోయింది.

కొండ మీద నేను ఊరికే కూర్చోలేదు. ఆ వేసవి నాకు ఉద్యోగం ఉంది. పాయ మొదట్లోకి విహార నౌకలు రావడం మొదలయ్యాక, వాటి మోతకి తిమింగలాలు బెదురుతున్నాయా లేదా తేల్చమని మా వేటగాళ్ళ సంఘమే కోరింది. అందుకని రిక్కె అనే డేనిష్ అమ్మాయి వచ్చింది. వసంతంలోనే మంచుకి కన్నం చేసి కంగెక్ దగ్గర నీళ్ళ అడుక్కి ఒక రికార్డరు దించి వెళ్ళింది. అది రాత్రీ పగలూ వింటూనే ఉంటుంది. వేసవిలో మళ్ళీ వచ్చి మా గుడారం పక్కనే గుడారం వేసుకుంది. నాకు డేనిష్ భాష వచ్చు, ఎలాగూ కొండ మీద కూర్చుంటాను, కాబట్టి ఏ పడవ ఎటు పోయిందో చూసి చెప్పే పని నాకిచ్చారు. సంఘం పెట్టిన షరతు ఒకటే. ఆ రికార్డరు ఏం విన్నా, సీజను చివర ఊరందరి ముందూ వినిపించాలి. ఒక్క ముక్క దాచకూడదు. దానికి చేతులెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆగస్టులో ఒక మబ్బు రోజు రిక్కె రికార్డరు పైకి లాగి, అందులో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించుకుని మళ్ళీ నీళ్ళలోకి దించింది. మా అత్త అమౌనా, సావిక్ వాళ్ళమ్మ, చూస్తానని పట్టుబడితే గుడారంలోకి తీసుకెళ్ళాను. రిక్కె ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది. అత్త కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది.

"గడ్డపు సీల్," అంది చివరికి. "మగది. పెళ్ళాం కోసం పాడుతోంది. మీ మామ కంటే నయం. ఆయన నాకోసం ఒక్కసారి కూడా పాడలేదు."

నేను ఆ మాట డేనిష్‌లో చెబితే రిక్కె పడి పడి నవ్వింది. అత్త కూడా నవ్వింది.

"అవును గానీ," అంది అత్త, "తెడ్డు నీళ్ళలో ముంచి, పిడికి చెవి ఆనిస్తే ఇవన్నీ వినపడేవేగా. మా నాన్న అలాగే వినేవాడు. దీనికింత పెట్టె ఎందుకు?"

"మీ నాన్న వసంతం నుంచీ రాత్రీ పగలూ తెడ్డు పట్టుకుని కూర్చోలేడు కదా అని చెప్పు," అంది రిక్కె.

అత్త ఆలోచించి, "అది నిజమే. ఆయనకి నడుం నొప్పి," అంది.

ఆ గుడారంలో ఆ ఒక్కరోజే నేను అత్త నవ్వు చూశాను. మిగతా రోజుల్లో ఆవిడ ముఖం గడ్డకట్టే ఉండేది. దానికి కారణం వాగు అవతల ఉంది.

వాగు అవతల మా బావగారు, సావిక్ అన్న, ఒదాక్ గుడారం. అంతకుముందు ఏళ్ళలో అన్నదమ్ముల గుడారాలు ఒకే తాడుతో ఒకే బండకి కట్టేవాళ్ళం. ఆ వసంతంలో, ఒదాక్ మంచు బండిని లాగే కుక్కల్లో ముందు నడిచేది గొలుసు తెంచుకుని ఊళ్ళోకి వచ్చింది. బడి దగ్గర తిరుగుతోంది. గొలుసు తెగిన కుక్క ఎవరిదైనా సరే కాల్చెయ్యాలని మా ఊరి నియమం. అది ఎందుకుందో బిడ్డల్ని కన్నవాళ్ళెవరికీ చెప్పనక్కర్లేదు. తుపాకీతో ఆ దారిన పోతున్న సావిక్ దాన్ని కాల్చాడు. కాల్చి ఇంటికొచ్చి చేతులు కడుక్కుని భోజనం చేశాడు.

నియమం ప్రకారం తప్పు లేదు. కానీ ఆ కుక్క పేరు పానిక్. మా భాషలో కూతురు అని. ఒదాక్‌కి పిల్లలు లేరు. దాన్ని పిల్లగా ఉన్నప్పుడు తన కోటులో పెట్టుకుని పెంచాడు. అది చచ్చిన సంగతి అతనికి దుకాణంలో ఎవరో చెబితే తెలిసింది. ఆ రోజునుంచి ఒదాక్ తమ్ముడితో మాట్లాడలేదు. తమ్ముడు కూడా మాట్లాడలేదు. అత్త మా దగ్గరే ఉండేది. ఆదివారాలు మాత్రం పెద్దకొడుకు దగ్గర తిని వచ్చేది. అక్కడి కబురు ఇక్కడ చెప్పేది కాదు, ఇక్కడిది అక్కడా చెప్పేది కాదు. అంత మాటకారి ఆవిడ, రెండిళ్ళలోనూ తల వంచుకుని తినేది.

"నేను చేసింది తప్పా?" అని సావిక్ నన్ను ఒక్కసారే అడిగాడు.

"కాల్చడం తప్పు కాదు," అన్నాను.

"మరింకేం?"

"ముందు వాళ్ళ తలుపు కొట్టాల్సింది."

"ఈలోగా అది పిల్లల మీద పడితే?"

"కాల్చాకైనా కొట్టాల్సింది."

తను మళ్ళీ అడగలేదు.

ఆగస్టు సగం గడిచింది. మిగతావాళ్ళ బండల మీద మాంసం పలకలుగా ఆరుతోంది. మత్తాక్, అంటే తిమింగలం తోలు కొవ్వుతో సహా, మాకు చలికాలమంతా బలం ఇచ్చేది అదే, వాళ్ళు పీపాల్లో నింపుకుంటున్నారు. మాకు పక్క గుడారాల నుంచి వాటాలు వచ్చేవి. మా దగ్గర అలా పంచుకోవడం మామూలే, సిగ్గుపడాల్సింది కాదు. కానీ ఏళ్ళ తరబడి పంచినవాడు పుచ్చుకుంటుంటే ఆ ముద్ద గొంతు దిగదు. ఒదాక్ వాటా కూడా వచ్చేది. అత్త తెచ్చి మాట్లాడకుండా గిన్నెలో పడేసేది.

ఒకరోజు వర్షానికి పడవలేవీ కదల్లేదు. గుడారంలో ముగ్గురమే ఉన్నాం.

"ఈ నెలలో రాకపోతే కుక్కల్ని ఇచ్చేస్తాను," అన్నాడు సావిక్. "వాటికి పెట్టడానికి మాంసం ఎక్కడిది? దక్షిణాన చేపల ఫ్యాక్టరీలో మనుషులు కావాలంటున్నారు."

"నువ్వు? ఫ్యాక్టరీలో? ఆ యంత్రాల రొదకి మొదటిరోజు మధ్యాహ్నానికే పారిపోతావు."

"చెవుల్లో దూది పెట్టుకుంటా."

నేను నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది. కుక్కల్ని ఇచ్చేసినవాడు మళ్ళీ మా ఊళ్ళో వేటగాడు కాడు. ఊరొదిలి వెళ్ళాక సావిక్ ఎలా ఉంటాడో నాకు ఊహకి కూడా అందలేదు.

అత్త కుడుతున్న తోలు మీదనుంచి తల ఎత్తకుండా అంది: "జంతువులకి తెలుస్తుంది. అన్నకి ముఖం చూపించలేనివాడు వాటికేం ముఖం చూపిస్తాడు?"

"అత్తా," అన్నాను నేను.

"నువ్వూరుకో పిల్లా. ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. అందరూ అనుకుంటున్నదే నేనన్నాను."

సావిక్ లేచి వర్షంలోకి వెళ్ళిపోయాడు. పడవ దగ్గర చాలాసేపు నిలబడి ఉన్నాడు. నాకు అతని మీద జాలీ, కోపం, రెండూ కలిగాయి. అంత మొండివాణ్ణి ఎందుకు కట్టుకున్నానా అని కూడా అనిపించింది.

మర్నాడు రిక్కె నన్ను పిలిచింది. కంప్యూటర్ తెర మీద గీతలు చూపించింది. శబ్దాన్ని గీతలుగా చదవడం అప్పటికి నాకు కొంచెం వచ్చు. తిమింగలాలు చేసే టిక్కులు వడగళ్ళలా గుంపులుగా పడతాయి, ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా. నీళ్ళ అడుగున చీకట్లో అవి దారి వెతుక్కునేది వాటితోనే. ఆ టిక్కుల మధ్య పై అంచున ఇంకో వరస ఉంది. ఒక్కో గీతకీ మధ్య ఒకే దూరం, వేలితో కొలిచి పెట్టినట్టు.

"ఇదేంటి?" అన్నాను.

"నేనూ అదే అడుగుతున్నా. జంతువు కాదు. జంతువైతే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఇది ఆగదు." రిక్కె ఆ శబ్దాన్ని మన చెవికి అందేలా మొద్దుగా మార్చి వినిపించింది. టక్, టక్, టక్, టక్. "పడవల్లో లోతు మీటర్లు ఇలా కొడతాయి. నీళ్ళలోకి శబ్దం పంపి, అడుగు తగిలి తిరిగొచ్చేదాకా లెక్కపెడతాయి. పైన మనకి ఏమీ వినపడదు, మన చెవికి అందనంత సన్నటిది. తిమింగలాలకి మాత్రం బాగా వినపడుతుంది. ఎవరో చెంప పక్కన సుత్తితో కొడుతున్నట్టుంటుంది."

"రోజంతా ఉందా?"

"లేదు. పొద్దున మొదలవుతుంది, సాయంత్రం ఆగిపోతుంది. మధ్యలో మోటార్ల మోత లేకపోయినా ఇది ఉంటూనే ఉంది. మీవాళ్ళలో లోతు మీటరు ఎవరి పడవలో ఉంది?"

"ఎవరి దగ్గరా లేదే," అనేశాను. అన్న మరుక్షణం నా కళ్ళ ముందు దుర్భిణీ వేలాడుతున్న ఆ నల్ల అద్దం మెదిలింది.

రిక్కె గంటలు చదువుతుంటే నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఆ గంటలు నాకు తెలుసు. మా ఆయన పడవ ఎప్పుడు కొన దాటిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో కొండ మీద కూర్చుని చూసింది నేనే. మోటారు ఆపినా, ఇతరుల మాటలు వినడానికి రేడియో సన్నగా వేసే ఉంచుతాడు సావిక్. రేడియోకీ ఆ మీటరుకీ ఒకటే బ్యాటరీ, ఒకటే స్విచ్చి. అద్దం చచ్చిపోయిందని మీటరు చచ్చిపోయిందనుకున్నాం. అది మాత్రం పడవ అడుగున తన పని తను చేసుకుపోతోంది. ఎలుగుబంటి తోలు పరుచుకుని, ఊపిరి బిగబట్టుకుని, పాయ మొత్తంలో అందరికంటే పెద్ద చప్పుడు చేస్తున్నది మా ఆయనే.

నవ్వొచ్చింది. వెంటనే కాళ్ళు తేలికైపోయాయి. దెయ్యం లేదు, శాపం లేదు, రెండు తీగలు పీకేస్తే అయిపోయే పని. కుక్కల్ని ఎవరికీ ఇవ్వక్కర్లేదు. రాళ్ళ మీద చప్పుడవుతోందని కూడా చూసుకోకుండా పరుగున కిందికి దిగాను.

గుడారంలో సావిక్ ఈటె మొన నూరుతున్నాడు. అత్త కాఫీ తాగుతోంది. నేను నోరు తెరిచేలోపే తను అన్నాడు:

"రేపు వాగు దాటి వెళ్తాను."

అత్త కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఏం మాట్లాడాలో తెలీదు," అన్నాడు మళ్ళీ, ఈటెతో చెబుతున్నట్టు. "వెళ్తాను. వెళ్ళాక చూద్దాం." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వేదో చెప్పబోయావు."

ఇప్పుడు చెప్పేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఎగిరి గంతేస్తాడు. పడవలోకి వెళ్ళి ఆ తీగలు పీకేస్తాడు. వాగు దాటడం మాత్రం వచ్చే ఏటికి పోతుంది. ఆ వచ్చే ఏడు ఎప్పటికీ రాదు. అత్త కప్పు ఇంకా అక్కడే ఉంది, గాల్లో.

"సూపు చల్లారిపోతోంది, తిందువుగాని రా," అన్నాను.

మర్నాడు పొద్దున సావిక్ వాగు దాటాడు. నేను పట్టకారు పట్టుకుని పడవలోకి వెళ్ళాను. అద్దం వెనక రెండు తీగలు, ఎరుపూ నలుపూ. లాగేసి, చివర్లు చుట్టి లోపలికి తోసి, దుర్భిణీ మళ్ళీ యథాప్రకారం తగిలించాను. తప్పు చేశానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. మొగుడి మొండితనంతో ఇన్నేళ్ళు కాపురం చేసినదానికి ఆ మాత్రం హక్కుంది.

సావిక్ వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నాడు?" అన్నాను.

"కాఫీ ఇచ్చాడు."

"తర్వాత?"

"ఇంకో కప్పు ఇచ్చాడు." టోపీ తీసి పక్కన పెట్టాడు. "'నా తలుపు కొట్టి ఉంటే నేనే కాల్చేవాణ్ణి రా' అన్నాడు. 'అది నన్ను చూస్తూ పోయేది' అన్నాడు."

అత్త లేచి బయటికి వెళ్ళి, వాగు వైపు తిరిగి ముక్కు చీదుకుంది.

తర్వాత వచ్చిన గుంపు మా పడవ పక్కనుంచే పోయింది. కొండ మీదనుంచి చూస్తున్న నా గుండె నాకే వినపడింది. సావిక్ కయాక్‌లో కదలకుండా ఉన్నాడు, నీటి మీద చెక్కముక్కలా. ఒక పెద్ద మగది దాటింది. తెడ్డు రెండుసార్లు కదిలింది, మూడోసారి చెయ్యి పైకి లేచింది. తిత్తి నీళ్ళ మీద పరుగెత్తడం చూశాను. అవతలి ఒడ్డునుంచి ఇంకో కయాక్ బాణంలా వచ్చింది. ఒదాక్. రెండో ఈటె అతనిది. రెండో ఈటె వేసినవాడికి పెద్ద వాటా వస్తుంది. ఆ సాయంత్రం ఒడ్డున అన్నదమ్ములు పక్కపక్కనే నిలబడి కోస్తుంటే, అందరం చుట్టూ మూగి వేడివేడి మత్తాక్ ముక్కలు నమిలాం.

"చూశావా? జంతువులకి తెలుస్తుందని చెప్పానా?" అంది అత్త నాతో, నోటినిండా పెట్టుకుని.

"చెప్పావత్తా," అన్నాను.

ఆగస్టు చివరిలోపు సావిక్ ఇంకో రెండు కొట్టాడు. ఫ్యాక్టరీ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ టక్ టక్ మా పడవదేననీ, ఆపేశాననీ రిక్కెతో చెప్పాను. తను తల ఊపి, "పేరు నేను చెప్పను. కానీ వినిపించకుండా ఉండలేను. మీ షరతే కదా," అంది. ఈలోపు నేనే సావిక్‌తో చెప్పెయ్యాలనుకున్నాను. రోజూ అనుకున్నాను. అన్న గుడారంలోంచి నవ్వుతూ వస్తున్న మనిషిని చూసి రోజూ రేపన్నాను.

సెప్టెంబరులో ఊరికి తిరిగొచ్చాక సంఘం హాల్లో అందరూ కూడారు. కాఫీ, కేకులు, పిల్లల గోల. రిక్కె ముందు సీల్ పాట వినిపించింది, ముసలివాళ్ళు మురిసిపోయారు. తర్వాత విహార నౌక మోత. ఆ మోత వచ్చిన రోజు తిమింగలాల టిక్కులు ఎలా మాయమయ్యాయో చూపిస్తే హాలంతా గుసగుసలు. ఈసారి నౌకల వాళ్ళతో మాట్లాడేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుందని పెద్దవాళ్ళ ముఖాలు వెలిగాయి.

"ఇంకొకటి కూడా ఉంది," అంది రిక్కె నా వైపు చూడకుండా. టక్, టక్, టక్, టక్. ఒక పడవలో లోతు మీటరు తెలియకుండా పనిచేస్తూ ఉండిపోయిందనీ, అది వినపడినంత మేరా తిమింగలాలు తప్పుకుపోయాయనీ చెప్పింది. నేను ఆ మాటల్ని మా భాషలోకి మార్చి చెప్పాలి. చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఎవడ్రా ఆ మహానుభావుడు?" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

సావిక్ నవ్వలేదు. "అది ఎప్పుడు ఆగిపోయింది?" అని అడిగాడు.

రిక్కె తేదీ చెప్పింది, సావిక్ వాగు దాటిన రోజే. నేను దాన్ని కూడా మార్చి చెప్పాను. సావిక్ నన్ను చూశాడు. నేను గిన్నె గోకినప్పుడు చూసేవాడే, ఆ చూపు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"అది నా పడవ," అన్నాడు.

ఇంక ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న ఒదాక్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అయితే తిమింగలాలు రాకపోయేసరికి వచ్చావన్నమాట నా దగ్గరికి," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. "నేను పానిక్ కోసం వచ్చావనుకున్నాను."

సావిక్ అబద్ధం ఆడలేడు, నిజం చెబితే ఒదాక్ అన్నదే నిజం. ఒదాక్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక సావిక్ కోటు కూడా విప్పలేదు.

"నీకు ముందు రోజే తెలుసు."

"తెలుసు."

"చెప్పి ఉంటే నేను వెళ్ళేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

"వెళ్ళకుండా ఉన్నా బాగుండేది," అన్నాడు. అది విని నాకు ఏడుపొచ్చింది. బాగు చేద్దామని నేను చేసింది రెండింతలు పాడైంది. అత్త మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. ఆదివారాలు పెద్దకొడుకు ఇంటికి వెళ్ళి, తల వంచుకుని తిని, తల వంచుకుని వచ్చేది.

పాయ గడ్డకట్టింది. మొదట ఒడ్డున, తర్వాత కనుచూపు మేరా. సూర్యుడు మధ్యాహ్నం పూట కొండ అంచున కాసేపు ఎర్రగా కనబడి పోతున్నాడు. చలి తగలగానే కుక్కలకి పూనకం వస్తుంది. ఊరంతా వాటి అరుపులే. మంచు మీద కుక్కలు లాగే స్లెడ్జి బండ్లు బయటికి తీశారు. ఒదాక్ కుక్కలకి దారి చూపే ముందు కుక్క లేదు. అతను బండి కడితే తలో వైపు లాగి, తాళ్ళు ముడిపడి, పది అడుగులు వెళ్ళేసరికి ఆగిపోయేవి. కిటికీలోంచి రోజూ చూస్తున్నాం. సావిక్ కూడా చూస్తున్నాడు.

ఒకరోజు పొద్దున కాఫీ తాగి లేచాడు. బయట గొలుసు చప్పుడైంది. చూస్తే, మా సికుని విప్పుతున్నాడు. సికు మా ముందు కుక్క. పలచటి మంచుని పాదంతో కనిపెట్టి పక్కకి తిప్పి ఎన్నిసార్లు సావిక్ ప్రాణం కాపాడిందో. దాన్ని నడిపించుకుంటూ ఒదాక్ కుక్కల దగ్గరికి తీసుకెళ్ళి, పానిక్ ఉండే గొలుసుకి కట్టి, ఒక చేప పడేసి, వాళ్ళ తలుపు కొట్టాడు. ఏదో అన్నాడు. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

"ఏం చెప్పావు?" అన్నాను.

"కుక్కని కాల్చినందుకు ఇదిగో కుక్క అన్నాను."

"సికు లేకుండా నీ బండి ఎలా నడుస్తుంది?"

"నడవదు." చేతి తొడుగులు విప్పుతున్నాడు. "ఇప్పుడు తిమింగలాలూ లేవు, పాయా మూసుకుపోయింది. నాకిప్పుడు దేనితోనూ పని లేదు. ఇప్పుడు వెళ్తేనే వెళ్ళినట్టు."

అంత మాట తన నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. చల్లారిన అతని కప్పు తీసి మళ్ళీ కాఫీ పోశాను.

మర్నాడు ఒదాక్ సికుని ముందు పెట్టి బండి కట్టాడు. సికు అందరినీ లాక్కుని మంచు మీదికి దూసుకుపోయింది. పోయి, పెద్ద చుట్టు తిరిగి, ఒదాక్ కేకలు పట్టించుకోకుండా సరాసరి మా గుమ్మం ముందుకొచ్చి కూర్చుంది. ఒదాక్ దిగి తిట్టుకుంటూ తాళ్ళు సర్ది మళ్ళీ తోలాడు. మళ్ళీ వచ్చింది. ఊళ్ళోవాళ్ళు కిటికీల దగ్గర చేరారు. మూడోసారి వచ్చినప్పుడు ఒదాక్ బండి మీదే కూలబడి కొరడా ఒళ్ళో పెట్టుకున్నాడు. సావిక్ తలుపు తీశాడు.

"నీ కుక్క నా మాట వినడం లేదు," అన్నాడు ఒదాక్.

"వింటుంది. నాలుగు రోజులు పడుతుంది."

"నాలుగు రోజులు మీ గుమ్మంలోనే తిరగమంటావా?" ఒదాక్ బండి మీద పక్కకి జరిగాడు. "ఎక్కు."

సావిక్ లోపలికొచ్చి తొడుగుల కోసం వెతుక్కున్నాడు. తడబాటులో రెండూ ఎడమ చేతివే తీసుకుని వెళ్ళిపోయాడు. నేను కిటికీ దగ్గర నిలబడి, బండి ఊరి కొస దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

అత్త నా వెనకనుంచి కుండ మూత తీసి చూసింది.

"ఇంకాస్త మాంసం వెయ్యవే పిల్లా," అంది. "పెద్దాడు ఎక్కువ తింటాడు."